శ్రుతికి సర్దుకున్న గొంతులు

పద్మనాభం కొండ మీద అనంత పద్మనాభుడు, కింద కుంతీ మాధవుడు. దీపోత్సవం నాడు పాడుకుంటూ మెట్లెక్కుతుంటే ఎవరో ఒకరికి పై స్వరం అందదు. పక్కవాళ్లు లాక్కుపోతారు. బృందగానమంటే మనకు తెలిసింది అదే. దాన్నే విద్యగా నేర్పిన బడి బస్సెక్కితే వచ్చే విజయనగరంలో ఉంది.

ఆ బడికీ మన ఊరికీ ఓ పాత లంకె. 1794 జూలై 10న కుంఫిణీ సైన్యంతో పోరాడి విజయనగరం రాజు పూసపాటి చిన విజయరామరాజు నేలకొరిగింది ఈ పద్మనాభంలోనే. 125 ఏళ్ల తర్వాత, 1919లో, అదే వంశంలో అదే పేరున్న విజయరామ గజపతిరాజు సంగీత కళాశాల తెరిచారు. ఆస్థానంలోని చాగంటి జోగారావుగారి అబ్బాయి గంగబాబుకు చూపు లేదు, పాటంటే ప్రాణం. ఆ కుర్రాడి కోసమే మొదలైందంటారు. ఇంత పెద్ద బడికి అంత చిన్న కారణం ఉండటం నాకు భలే ఇష్టం.

తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. శిష్యుడిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడి ఫిడేలు విని, ఏకంగా ఆచార్యుణ్ణి చేశారని చెప్పుకుంటారు. 1936లో ఆ కుర్చీ నాయుడుగారిదే అయింది. ఇక అక్కడ చదువుకున్నవాళ్లంటే ఘంటసాల, సుశీల. ఈ పేర్లు అందరికీ తెలిసినవే.

తరగతి గది సంగతి ఎవరూ రాయరు. సరళీ వరసలు పదిమందీ కలిసే పాడతారు. చర్చి కోయిర్‌లో గొంతుకో వరస ఉంటుంది. ఇక్కడ అందరిదీ ఒకటే వరస, ఒక్కరు తప్పినా తెలిసిపోతుంది. పైగా మగవాళ్లకు ఒకటి శ్రుతి, ఆడవాళ్లకు ఐదు అలవాటు. కలిపి కూర్చోబెడితే ఒకరికి మంద్రం అందదు, ఇంకొకరికి తారం అందదు. ఎవరో ఒకరు సర్దుకోవాల్సిందే.

త్యాగరాజ పంచరత్నాల గోష్ఠిలో ఈ సర్దుబాటు బాగా బయటపడుతుంది. నాట, గౌళ, ఆరభి హుషారుగా సాగిపోతాయి. వరాళి రాగానే సగం గొంతులు సన్నగిల్లుతాయి. వరాళిని గురువు శిష్యుడికి నేరుగా చెప్పకూడదని పాత నమ్మకం. అందుకే చాలామందికి అది గోష్ఠిలో విని పట్టుకున్న రాగమే. పక్కవాడే గురువు. శ్రీరాగం దగ్గర మళ్లీ అందరూ కలుస్తారు.

మన ఊళ్లో భజన పాడే పిల్లలకు ఈ కళాశాల గురించి చెప్పండి. వీలైతే ఒకసారి వెంటబెట్టుకు తీసుకెళ్లండి, తంబూరా శ్రుతి చేసే వేళకు.