పట్టాభిషేకం వాయిదా

గోపన్‌పల్లిలో మా అక్క ఇంట్లో ఉన్నప్పుడు ఓ అర్ధరాత్రి అక్క కూతురికి కడుపునొప్పి వచ్చింది. "వాము నమిలాన్లే పిన్నీ! పొద్దున్నే ఆఫీసులో మీటింగుంది" అంది. బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడివైపు కిందికి దిగిందనగానే ఆస్పత్రికి లాక్కెళ్లాం. అపెండిసైటిస్! ఆలస్యం చేస్తే పగిలి, చీము కడుపంతా పాకుతుందన్నారు.

ఆపరేషన్ థియేటర్ బయట కూర్చుంటే, చరిత్ర చదివిన బుర్ర ఊరుకుంటుందా? ఏడవ ఎడ్వర్డు గుర్తొచ్చాడు. 1902 జూన్ 26న ఆయన పట్టాభిషేకం. ఇదే నొప్పితో మెలికలు తిరుగుతూ కూడా వెళ్లి తీరతానని మొండికేశాడు. చివరికి 24న ట్రీవ్స్ అనే సర్జను కోసి చీము తీశాడు. కిరీటం ఆగస్టు 9 దాకా ఆగింది.

రాజుగారికి మత్తుమందైనా ఉంది. 1735లో లండన్‌లో ఆమ్యాండ్ తొలిసారి అపెండిక్స్ తీసిన పదకొండేళ్ల పిల్లవాడికి అదీ లేదు!

తర్వాత క్లోరోఫారం వచ్చింది. దానివల్ల ముప్పు గుండెకా, ఊపిరికా అని తేల్చడానికి 1888, 1889లలో నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చుతో కమిషన్లు కూర్చున్నది మన హైదరాబాదులోనే. గుండెకు భయం లేదన్న వాళ్ల తీర్పు తర్వాత తప్పని తేలింది. అయితేనేం, ఆ రోజుల్లోనే ఇక్కడి మెడికల్ స్కూల్లో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ రోగులకు క్లోరోఫారం ఇచ్చేవారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరు ఆవిడేనంటారు.

తలుపు తెరుచుకుంది. మత్తు డాక్టరూ ఆడపిల్లే! "లేచిందండీ" అంది నవ్వుతూ.

మా పిల్ల కళ్లు తెరిచి మొదట అడిగింది మీటింగు గురించే.

"పట్టాభిషేకమే ఆగింది, నీ మీటింగెంతే!" అన్నాను.