కనకాలపేటలో కొనుగోలుదారు హక్కు: ఫ్రెంచి కోడు నుంచి కారు వారంటీ దాకా

యానాం ప్రాంతంలోని కనకాలపేటకు చుట్టుపక్కల గోదావరి ఊళ్లతో భాష, బంధుత్వాలు, సంతలు అన్నీ ఉమ్మడివే అయినా, కొన్న వస్తువు చెడిపోతే ఎవరిని నిలదీయాలన్న విషయంలో మాత్రం, 1954 నవంబరు 1న పరిపాలన ఫ్రెంచివారి నుంచి భారతదేశం చేతికి వచ్చేదాకా, ఆ తరువాత మరికొన్నేళ్లు కూడా, అక్కడి చట్టం వేరుగానే ఉండేది.

1804లో రూపుదిద్దుకుని 1819లో ఫ్రెంచి ఇండియాలో అమల్లోకి వచ్చిన సివిల్ కోడు, కొనేటప్పుడు కంటికి కనబడకుండా వస్తువులో దాగి, దాన్ని వాడకానికి పనికిరాకుండా చేసే లోపానికి అమ్మకందారునే బాధ్యుణ్ణి చేసింది. ఆ లోపం తనకూ తెలియదని అమ్మకందారు చెప్పినా, బాధ్యత లేదని ముందే ఒప్పందం రాసుకుని ఉంటే తప్ప, అతనికి విడుదల లేదని 1643వ అధికరణ చెప్పింది. వస్తువు తిరిగి ఇచ్చేసి సొమ్ము రాబట్టుకోవాలా, లేక వస్తువు ఉంచుకుని ధరలో కొంత వెనక్కి తీసుకోవాలా అన్న ఎంపికను 1644వ అధికరణ కొనుగోలుదారుకే వదిలింది. ఈ హక్కు ఏ కంపెనీ ఇచ్చే వారంటీ కార్డు మీదా ఆధారపడలేదు, అమ్మకంతోపాటే పుట్టింది. అయితే దావా స్వల్పకాలంలోనే వేయాలన్న నియమం మాత్రం ఆలస్యం చేసినవారికి గండంగానే ఉండేది.

సరిహద్దు అవతల, బ్రిటిష్ ఇండియాలో, 1930 నాటి సరుకుల విక్రయ చట్టం వేరే దారి పట్టింది. ఒప్పందానికి మూలమైన మాటను ‘షరతు’ అనీ, దానికి అనుబంధంగా ఇచ్చిన హామీని ‘వారంటీ’ అనీ విడదీసి, షరతు తప్పితే సరుకును తిరస్కరించవచ్చనీ, వారంటీ తప్పితే నష్టపరిహారం మాత్రమే అడగవచ్చనీ అది నిర్దేశించింది. 1960ల్లో భారతీయ చట్టాలు యానాంతో సహా పుదుచ్చేరి ప్రాంతాలకు విస్తరించినప్పుడు కనకాలపేట కూడా ఈ చట్టం నీడకే వచ్చింది. కొనుగోలుదారు చేతిలోని ఎంపిక విషయంలో ఇది వెనకడుగనే చెప్పాలి.

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, దాని స్థానంలో 2020 జూలై 20న అమల్లోకి వచ్చిన 2019 చట్టం ఆ లోటును చాలావరకు పూడ్చాయి. చట్టం ప్రకారం గానీ, రాసిన లేదా రాయని ఒప్పందం ప్రకారం గానీ, వ్యాపారి చెప్పుకున్న దాని ప్రకారం గానీ ఉండవలసిన నాణ్యత లేకపోవడమే ‘లోపం’ అని నిర్వచించడంతో, వారంటీ పుస్తకంలోని మినహాయింపు చూపి సర్వీసు సెంటర్ క్లెయిమును తిరస్కరించినంత మాత్రాన వివాదం ముగిసిపోదు. కోర్టులు మాత్రం ప్రతిసారీ ఉదారంగా లేవు: 2006లో మారుతీ ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు, వారంటీ విడిభాగాల మార్పిడికే పరిమితమని చెప్పి కొత్త కారు ఇవ్వాలన్న ఆదేశాన్ని కొట్టేసి పరిహారంతో సరిపెట్టింది. 2022లో హ్యుందాయ్ కేసులో అదే కోర్టు, ప్రమాదంలో తెరుచుకోని ఎయిర్‌బ్యాగ్ గురించి, ఏ వేగానికి ఎంత తాకిడి పుడుతుందో లెక్కలు కట్టే పని వినియోగదారుడిది కాదని తేల్చి, అతని పక్షాన నిలిచింది. ఈ రెండో తీర్పు పాత ఫ్రెంచి అధికరణల స్వభావానికి చాలా దగ్గరగా ఉంది.

అయితే లోపానికీ నష్టానికీ తేడా ఉంది. 2022 జూలైలో యానాంను ముంచెత్తిన గోదావరి వరద వంటిది ఇంజనులోకి నీరు చేర్చితే, అది తయారీ లోపం కాదు. ఆ దావా బీమా కంపెనీ మీదే నడవాలి.

యానాం రిజిస్ట్రేషన్ అయిన పీవై-04 నంబరు గల కారును కాకినాడలో కొన్న కనకాలపేట వాసి 1986 చట్టం కింద అమ్మకందారు ఉన్న చోటికో, వివాదం పుట్టిన చోటికో వెళ్లవలసి వచ్చేది. 2019 చట్టం నివాసం ఉన్న చోటు నుంచే ఫిర్యాదుకు అవకాశమిచ్చినా, అప్పీలు వినే రాష్ట్ర కమిషన్ వందల కిలోమీటర్ల దూరాన పుదుచ్చేరిలో ఉన్నందున, పొరుగునున్న కాకినాడే చాలామందికి సులువు కావచ్చు. ఎక్కడ వేసినా, వివాదం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు కావాలి. కాబట్టి వారంటీ క్లెయిము తిరస్కరణకు కారణాన్ని రాతపూర్వకంగా అడిగి తీసుకుని, జాబ్ కార్డులు, బిల్లులు భద్రపరచుకోవడం కొనుగోలుదారు చేయవలసిన మొదటి పని.