ఢిల్లీ కాఫీశాలలు – ఒక చారిత్రక పరిశీలన

ఢిల్లీ తేనీటి నగరమనీ, కాఫీ దాక్షిణాత్యుల సొత్తనీ మనలో ఒక అభిప్రాయం పాతుకొని ఉన్నది. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని పాత గ్రంథాలు తిరగవేసి చూస్తే ఆ నగరంలో కాఫీశాలల చరిత్ర మనం అనుకొన్నదానికంటె ఎంతో ప్రాచీనమని తెలుస్తుంది. ఆ విషయం చెప్పిన సాక్షి దక్కన్ నుండి వెళ్ళినవాడే కావడం మనకు ఆసక్తి కలిగించే సంగతి.

నిజాం ఉల్ ముల్క్ ఆసఫ్ జా పరివారంలో ఒకడుగా దర్గా కులీ ఖాన్ 1738లో ఢిల్లీ చేరి, 1741 వరకు అక్కడ ఉన్నాడు. ఆ అనుభవాలను పారసీక గద్యంలో వ్రాసినాడు. ఆ గ్రంథమే ‘మురక్కా ఎ ఢిల్లీ’. చాందినీ చౌక్ వైభవాన్ని వర్ణిస్తూ అతడు అక్కడి కహ్వాఖానాలను పేర్కొన్నాడు. కవులు, రసికులు అక్కడ చేరేవారట. కవిత్వం చదివి మెప్పులు పొందేవారట. అతడు ఆ నగరంలో ఉన్న కాలంలోనే, 1739లో, నాదిర్‌షా సైన్యం ఆ చాందినీ చౌక్ వీధులలోనే మారణకాండ జరిపింది. అటువంటి రోజులను కళ్ళారా చూచినవాడు కాఫీశాలలను మరువక వ్రాసినాడంటే, నగరజీవితంలో వాటికి గల స్థానం ఎటువంటిదో ఊహించవచ్చు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. కాఫీని ఇంటనే కాచుకొని త్రాగవచ్చు. మనిషి కాఫీశాలకు వెళ్ళేది కూర్చోవడానికి, మాటలాడడానికి. ఒక కప్పు వెలకు కొంత కాలమూ, కొంత చోటూ, పదిమంది సాంగత్యమూ లభించే స్థలం అది. అందుచేత కాఫీశాల చరిత్ర వ్రాయదలచినవాడు గింజల సంగతితో సరిపెట్టుకొనరాదు. అక్కడ ఎవరు కూర్చోగలిగినారు, ఎంతసేపు కూర్చోగలిగినారు, ఆ ఖర్చు ఎవరు భరించినారు అని కూడా విచారించాలి.

ఈ కూర్చోవడమే పాలకులకు పలుమార్లు భయం గొల్పింది. పదహారవ శతాబ్ది మధ్యలో ఇస్తాంబుల్‌లో కాఫీశాలలు వెలసినవి. 1633లో సుల్తాను నాలుగవ మురాదు వాటిని మూయించినాడు. ఇంగ్లండు రాజు రెండవ చార్లెసు 1675 డిసెంబరు 29న లండను కాఫీశాలలను నిషేధిస్తూ శాసనం చేసి, ప్రజల నిరసన చూచి అది అమలులోకి రాకముందే వెనుకకు తీసుకొన్నాడు. వారి అభ్యంతరం పానీయానికి కాదు; దానిని త్రాగుతూ జనం చేసే రాజ్యప్రసంగాలకు.

మన తెలుగునాట కథ వేరు. ఇక్కడ తగవు మాటలది కాదు, పంక్తిది. ‘బ్రాహ్మణ కాఫీ హోటలు’ అన్న బోర్డులు మన పట్టణాలలో వేలాడిన రోజులు మరీ పురాతనమైనవి కావు. కులాన్ని బట్టి గదులు, బల్లలు వేరుచేసిన హోటళ్ళుండేవి. లోనికి అడుగే పెట్టరాని మనుషులుండేవారు. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం పదిహేనవ అధికరణంలో అంగళ్ళనూ, భోజనశాలలనూ, హోటళ్ళనూ పేరెత్తి చెప్పి, మతం, కులం, లింగం, జన్మస్థలం మొదలైన కారణాలచేత ఏ పౌరునికీ వాటిలో ప్రవేశం నిరాకరించరాదని శాసించింది. ఒక దేశపు మౌలిక శాసనంలో హోటలు బల్లకు చోటు దొరికిందంటే, ఆ బల్ల వెనుక ఎంత అవమానం పేరుకొని ఉండెనో గ్రహించవచ్చు.

ఇక ఆధునిక ఢిల్లీలోని కాఫీశాలకు మూలం వెదకాలంటే దక్షిణాదిలోని కాఫీ తోటలకు వెళ్ళాలి. 1929లో మొదలైన ప్రపంచ ఆర్థిక మాంద్యంలో కాఫీ ధరలు పడిపోయి తోటల యజమానులు కష్టాలపాలైనారు. సరుకుకు దేశంలోనే గిరాకీ పెంచవలెనన్న ఉద్దేశంతో 1935లో కాఫీపై సుంకం విధించే చట్టం వచ్చింది. ఆ సొమ్ముతో ప్రచారం చేయసాగినారు. 1936లో బొంబాయి చర్చిగేటులో ఇండియా కాఫీ హౌస్ వెలసింది. తరువాత యుద్ధం వచ్చి ఐరోపా విపణి మూతపడింది. 1942లో కాఫీ చట్టం వచ్చి, పండిన గింజ అంతా బోర్డు చేతికి చేరే ఏర్పాటు స్థిరపడింది. ఆ దశాబ్దంలో దేశమంతటా సుమారు ఏబది కాఫీ హౌసులు నడిచినవి. కలకత్తా కాలేజీ స్ట్రీటులోని ఆల్బర్టు హాలు అటువంటిదే. అమ్ముడుపోని గింజలకు దారి వెదకబోయి, ప్రభుత్వం తెలిసో తెలియకో ఉత్తరాది నగరాలలో సంభాషణకు స్థలాలు కల్పించింది.

ఢిల్లీలో ఆ స్థలం కన్నాట్ ప్లేసు. రాబర్ట్ టార్ రస్సెల్ రూపకల్పనలో 1933 నాటికి పూర్తయిన ఆ స్తంభాల వర్తులాలు మొదట దొరల అంగళ్ళ కొరకు ఉద్దేశించినవి. 1942లో అక్కడ యునైటెడ్ కాఫీ హౌస్ వెలసింది. 1947లో దేశం చీలినప్పుడు పంజాబు నుండి లక్షలాది శరణార్థులు ఢిల్లీ చేరినారు. వారిలో లాహోరు టీ హౌసుల చర్చలకు అలవాటుపడిన రచయితలు, పాత్రికేయులు ఎందరో ఉన్నారు. ఇల్లు పోగొట్టుకొన్న మనిషికి, కూర్చొని తన భాషలో మాటలాడుకొనే బల్ల ఒకటి దొరకడం స్వల్పవిషయం కాదు. ఉర్దూ, పంజాబీ, హిందీ ఆ బల్లల చుట్టూ కలసి నడిచినవి.

1950 దశకం మధ్యలో కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేయ నిశ్చయించింది. పనివారు వీధిన పడే స్థితి ఏర్పడింది. అప్పుడు లోకసభలో కమ్యూనిస్టు పక్ష నాయకుడైన ఏ.కె. గోపాలన్ వారికి అండగా నిలిచి, శాలలను వారే స్వయంగా నడుపుకొనే మార్గం చూపినాడు. 1957 ఆగస్టు 19న బెంగుళూరులో మొదటి కార్మిక సహకార సంఘం ఏర్పడింది. అదే సంవత్సరం అక్టోబరు 27న సహకార పద్ధతిలో మొదటి ఇండియన్ కాఫీ హౌస్ న్యూఢిల్లీలో తెరచినారు. తెల్లని దుస్తులతో, విసనకర్రవంటి తురాయి గల తలపాగాతో కప్పు తెచ్చి ఇచ్చే సర్వరు ఆనాటినుండి ఆ సంస్థలో భాగస్వామి కూడ అయినాడు. మన సాహిత్యచరిత్రలు ఈ సంగతిని అంతగా పట్టించుకొనలేదు. రచయితకు గంటల తరబడి కూర్చునే వెసులుబాటు కలిగించింది ఈ కార్మికులు. ఒక కప్పు కాఫీతో సాయంకాలం గడిపే అతిథిని లేవమనకపోవడం వల్ల కలిగే నష్టం వారి లాభంలోనుండే పోయేది.

ఆ వెసులుబాటు వల్ల ఏమి జరిగిందో హిందీ సాహిత్యం సాక్ష్యమిస్తుంది. మోహన్ రాకేశ్, కమలేశ్వర్, రాజేంద్ర యాదవ్ వంటివారు ‘నయీ కహానీ’ని గురించి వాదించుకొన్న స్థలాలలో కన్నాట్ ప్లేసులోని టీ హౌస్, కాఫీ హౌస్ ముఖ్యమైనవి. శరత్‌చంద్రుని జీవితకథ ‘ఆవారా మసీహా’ వ్రాసిన విష్ణు ప్రభాకర్ పాతఢిల్లీలోని తన ఇంటి నుండి నడచి వచ్చి, ముదిమి వరకు కాఫీ హౌస్ గోష్ఠిని విడువలేదు. రామమనోహర్ లోహియా వంటి రాజకీయ నాయకులు ఆ బల్లల దగ్గరనే యువకులతో చర్చించేవారు. 1954లో సాహిత్య అకాడమి స్థాపితమై భారతీయ భాషలను ఒక వేదికపై చేర్చింది. ఆ వేదికపై భాషలు గ్రంథాల ద్వారా పరిచయమైనవి. కాఫీశాలలో అవి మనుషుల ద్వారా పరిచయమైనవి. రెండును అవసరమే. మన హైదరాబాదులో ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటలు అటువంటి స్థానమే పొందింది. మఖ్దూం మొహియుద్దీన్ అక్కడి గోష్ఠులకు అలంకారంగా ఉండేవాడు.

అయితే ఈ చిత్రాన్ని బంగారుపూతతో చూపడం న్యాయం కాదు. ఆ బల్లల చుట్టూ చేరినవారిలో స్త్రీలు బహుకొద్దిమంది. రాజ్యాంగం తలుపు తెరచినా, సాయంకాలాలు తీరుబడిగా గడపగల అవకాశం ఇంటిపని మోసే ఆడవారికి లేదు. ఉచితంగా కనిపించిన కాలం వెనుక ఇంకెవరి శ్రమో ఉండనే ఉన్నది.

1960 దశకంలో ధరల పెరుగుదలకు నిరసనగా కాఫీ ప్రియులు కొందరు ఉద్యమంగా ఏర్పడి, కన్నాట్ ప్లేసులో డేరా క్రింద చౌకగా కాఫీ అందించే శాల నడిపినారు. ఎమర్జెన్సీ కాలంలో, 1976లో, కన్నాట్ ప్లేసులోని కాఫీ హౌస్‌ను పడగొట్టినారు. తరువాత ఆ ప్రాంతంలో భూగర్భ విపణి పాలికా బజారు వెలసింది. ప్రభుత్వాన్ని విమర్శించే మాటలు అక్కడ ఎక్కువగా వినిపించడమే కూల్చివేతకు కారణమని ఆనాటివారు నమ్మినారు. ఇస్తాంబుల్, లండనుల కథ మూడువందల ఏండ్ల పిమ్మట ఢిల్లీలో మరల నడచింది. సహకార సంఘానికి బాబా ఖడక్‌సింగ్ మార్గంలోని మోహన్‌సింగ్ ప్లేస్ భవనం పైఅంతస్తులో చోటు దొరికింది. కోతులు తిరిగే ఆ ఆరుబయలు మేడపై పాత గోష్ఠులు మరల చేరినవి. తరువాతి తరాలకు కాఫీ హౌస్ అంటే అదే. 2009 ప్రాంతంలో నష్టాలు, బకాయిల వల్ల అదీ మూతపడే స్థితికి వచ్చినప్పుడు, పాత అతిథులే దాని పక్షాన గొంతెత్తినారు.

ఈ మధ్యకాలంలో దాక్షిణాత్యులు తమ కాఫీని వేరే దారిలో నిలుపుకొన్నారు. కన్నాట్ ప్లేసులోని మద్రాస్ హోటలు ఎన్నో ఏండ్లు నడచి మూతపడింది గాని, దాని పేరు బస్సు స్టాపుకు మిగిలింది. లోదీ కాలనీ ఖన్నా మార్కెట్టులోని దేవన్స్ దుకాణంలో గింజలు వేయించి పొడి కొట్టే వాసన ఉద్యోగార్థమై వచ్చిన కుటుంబాలకు పుట్టింటి వాసన.

1990 దశకంలో ఇంకొక మార్పు వచ్చింది. పంటనంతా బోర్డుకు అప్పగించవలెనన్న నిర్బంధం క్రమంగా సడలి, 1996 నాటికి తొలగిపోయింది. రైతు తన గింజను తనకు నచ్చినవారికి అమ్ముకొనే స్వేచ్ఛ పొందినాడు. మొదట పెద్ద వ్యాపార సంస్థల శాలలు వచ్చినవి. ఆ తరువాత, ఒక తోట గింజను ఆ తోట పేరుతోనే వేయించి అందించే చిన్న స్వతంత్ర శాలలు ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడాలలో వ్యాపించినవి. 2013 ప్రాంతంలో ఢిల్లీలో ఒక ఇంట గింజలు వేయించడంతో మొదలైన ‘బ్లూ టోకై’ వీటిలో ప్రసిద్ధం. టోకై అనగా నెమలిపింఛం. తమిళంలో ‘తోగై’, మనకు ‘తోక’. హిందీ నగరంలో ఒక ద్రావిడ పదం ఇట్లు కాఫీవాసనతో నిలచింది.

ఈ శాలలకు ఒక సుగుణం కలదు. పొట్లంపై తోట పేరు, వేయించిన తేదీ అచ్చువేయడం వల్ల పండించిన చోటు త్రాగేవానికి తెలిసింది. కాని అక్కడి కప్పు వెల సామాన్య ఉద్యోగికీ, విద్యార్థికీ, గ్రంథం అచ్చుకాని రచయితకూ భారమైనది. పూర్వం కులం అడ్డు నిలచిన బల్ల దగ్గర ఇప్పుడు ధర అడ్డు నిలచింది. రాజ్యాంగం దీనిని నిషేధించలేదు.

మన అరకు కాఫీ కథ ఈ సందర్భంలో స్మరణీయం. తూర్పు కనుమలలో ఆదివాసీ రైతులు పోడు నేలలలో నీడచెట్ల క్రింద, మిరియపు తీగల నడుమ పెంచిన గింజకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2023 సెప్టెంబరులో ఢిల్లీలో జరిగిన జి-20 సమావేశానికి వచ్చిన విదేశ నాయకులకు ఇచ్చిన కానుకలలో అది చేరింది. 2025 మార్చిలో పార్లమెంటు ఆవరణలో అరకు కాఫీ స్టాళ్ళు తెరచినారు. ఆసఫ్ జా పరివారంతో వచ్చిన దక్కన్ మనిషి ఢిల్లీలో కాఫీశాలను చూచి ఆశ్చర్యపడిన పిమ్మట మూడు శతాబ్దాలకు చేరువలో, మన కొండల గింజ ఢిల్లీ శాసనసభామందిరానికి చేరింది. సంతోషించవలసినదే. ఆ గింజ పండించిన ఆదివాసీ తన భాషలో తన మాట చెప్పుకొనేందుకు ఏ బల్ల దగ్గర చోటున్నదన్న ప్రశ్న మాత్రం ఇంకను మిగిలే ఉన్నది.

ఢిల్లీకి సభల నిమిత్తం వచ్చే తెలుగు రచయితలకు ఒక మనవి. సభ ముగిసిన పిమ్మట ఒక సాయంకాలం మోహన్‌సింగ్ ప్లేస్ మేడ ఎక్కండి. ప్రక్క బల్లవారు హిందీలో వాదిస్తుంటారు. మీరు తెలుగులో వాదించండి. వారు మీ మాట అర్థం కాక తిరిగి చూస్తే, కుర్చీ జరిపి వారికి చెప్పండి. అనువాదం అనే పని ఎన్నోమార్లు అటువంటి చోటనే మొదలైంది.