కడుపుతో ఉన్న తల్లికి కనిపించే దయ్యాలు

ఊర్మిళ నటించిన హిందీ సినిమా 'నైనా' మనలో చాలామంది చూసే ఉంటారు. చూపులేని అమ్మాయికి కంటి ఆపరేషన్ అయ్యాక దయ్యాలు కనిపించడం దాని కథ. ఆ సినిమా 2005లో వచ్చింది. అయితే అదే కథతో 2002లోనే హాంకాంగ్‌కి చెందిన పాంగ్ సోదరులు, కవలలు, 'ది ఐ' తీశారు. అది బాగా ఆడటంతో 2004లో 'ది ఐ 2' కూడా తీశారు. పేరుకే అది రెండో భాగం. కథ వేరు, మనుషులూ వేరు. ఈసారి దయ్యాలు కనిపించేది గర్భవతికి.

జోయీగా షూ చీ నటించింది. ప్రేమించినవాడు పెళ్ళైనవాడు. ఆ బాధలో థాయ్‌లాండ్‌లో ప్రాణం తీసుకోబోయి బతుకుతుంది. తర్వాత తెలుస్తుంది, తను కడుపుతో ఉందని. అప్పట్నుంచి ఎవరెవరో కనిపిస్తుంటారు. చనిపోయినవాళ్ళు మళ్ళీ పుట్టడానికి గర్భవతుల చుట్టూ కాచుకుని ఉంటారని ఒక బౌద్ధ భిక్షువు చెబుతాడు. ఆమెను వెంటాడే ఆత్మ ఎవరిదో కాదు, ఆ ప్రేమికుడి భార్యదే.

కాన్పుకీ దయ్యానికీ ఈ ముడి పాంగ్ సోదరులు వేసింది కాదు, ఆ ప్రాంతంలో ఎప్పట్నుంచో ఉన్నదే. బ్యాంకాక్‌లో మే నాక్ కథ తెలియనివాళ్ళు ఉండరు. మొగుడు యుద్ధానికి వెళ్ళినప్పుడు ఆమె కాన్పులో చనిపోతుంది. అతను తిరిగొచ్చి, ఆ సంగతి తెలియక, దయ్యమైన భార్యతోనే కాపురం చేస్తాడు. వాట్ మహాబుత్‌లో ఆమెకు గుడి ఉంది. ఆమెకు బట్టలు, బిడ్డకు బొమ్మలు ఇప్పటికీ సమర్పిస్తారు. 1999లో ఆ కథతో వచ్చిన 'నాంగ్ నాక్' పెద్ద హిట్. మలేషియాలో ఉన్న మనవాళ్ళకు పొంతియానాక్ తెలుసు. అదీ కాన్పులో పోయిన ఆడదాని దయ్యమేనని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. 1957లో సింగపూర్‌లో దాని మీద సినిమా తీసిన బి.ఎన్. రావు మన దేశం నుంచి వెళ్ళినాయనే. అదే ఏడాది రెండో భాగం, మరుసటి ఏడాది మూడోది కూడా వచ్చాయి.

ఎందుకిలా? రక్తం పోయి, లేదా ఇన్‌ఫెక్షన్ సోకి బాలింతలు చనిపోవడం ఒకప్పుడు మామూలు. ప్రతి ఊరికీ అలాంటి చావు తెలుసు. ఆ దుఃఖమే దయ్యమైంది. మన పెద్దవాళ్ళు కూడా కాన్పంటే ఆడదానికి పునర్జన్మ అనేవారు కదా.

ఆస్పత్రులు వచ్చాక ఆ చావులు తగ్గాయి. కానీ మనసులోని భయం తగ్గలేదు. 'ది ఐ 2' చూపించింది దాన్నే: దిగులుతో ఒంటరిగా ఉన్న గర్భవతి. ఆ దిగులు కనిపెట్టడానికి బ్రిటన్‌లో 1987లో పది ప్రశ్నల ఎడిన్‌బరో పట్టిక తయారైంది. ఇప్పుడు చాలా దేశాల్లో నర్సులు వాడేది అదే. పదో ప్రశ్న, నీకు నువ్వు హాని చేసుకోవాలనిపించిందా అని. సిగ్గుపడి 'లేదు' అని టిక్ పెట్టేసేవాళ్ళు మనలో ఎక్కువ. నిజం చెప్పండి.

పురిటి తర్వాత కొద్దిమందికి నిజంగానే లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. అది జబ్బు, నయమవుతుంది. కానీ ఆలస్యం చెయ్యకూడదు. మీ చెల్లో, కోడలో "ఎవరో కనిపిస్తున్నారు" అంటే నవ్వేయకండి, దిష్టి తీసి ఊరుకోకండి. ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.