గెలుపు గీత దగ్గర గుండె లెక్క

1892 అక్టోబరులో రెండు సామ్రాజ్యాల సైనికాధికారులు గుర్రాల మీద దూరపు పందెం కట్టారు. జర్మన్లు బెర్లిన్ నుంచి వియన్నాకు, ఆస్ట్రియా-హంగరీ వాళ్లు వియన్నా నుంచి బెర్లిన్‌కు. దూరం దాదాపు 580 కిలోమీటర్లు. కౌంట్ స్టార్‌హెంబెర్గ్ 71 గంటల పైచిలుకులో చేరి మొదటి బహుమతి అందుకున్నాడు. ఆయన్ని మోసుకొచ్చిన గుర్రం ఏథోస్ మాత్రం బతకలేదు. రెండో స్థానంలో వచ్చిన జర్మన్ అధికారి గుర్రానిదీ అదే గతి. ఆ పందెంలో చచ్చిన గుర్రాలు ఇరవైకి పైమాటే.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్లతో నడుస్తుందని సామెత. దూరపు పందేల చరిత్రలో కనిపించేది దీనికి పూర్తిగా తలకిందులు. ముందు మరో గుర్రం పోతుంటే, పైనున్న మనిషి అదిలిస్తుంటే, సత్తువ అడుగంటినా గుర్రం ఆగదు. మందలో బతికే జంతువు కదా, వెనకబడటం దానికి భయం. ఇక చాలని దాని తరఫున ఎవరో ఒకరు చెప్పాలి.

ఆ మాట చెప్పే పద్ధతి కుదురుకున్నది అమెరికాలో. నూరు మైళ్లు ఒక్క రోజులో దాటగల గుర్రాలు ఈ కాలంలో ఎక్కడున్నాయన్న వాదనకు జవాబుగా, 1955 ఆగస్టులో వెండెల్ రోబీ మరికొందరితో కలిసి టాహో సరస్సు ఒడ్డు నుంచి సియెరా నెవాడా కొండలు దాటి, 24 గంటల లోపే ఆబర్న్ చేరాడు. ఏటా జరిగే టెవిస్ కప్ స్వారీకి అదే నాంది. 1964లో అక్కడ హ్యాగిన్ కప్ మొదలైంది. అది మొదట వచ్చినవాడికి కాదు, తొలి పది గుర్రాల్లో ఒంట్లో అందరికన్నా బాగున్నదానికి. నా లెక్కలో ఈ క్రీడ మలుపు తిరిగింది ఆ బహుమతితోనే.

బాగుందో లేదో తేల్చేదెలా? కంటిచూపు చాలదు. అందుకే పశువైద్యులు స్టెతస్కోప్ పట్టారు.

తీరిగ్గా ఉన్న గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. ఒళ్లు తెలియని దౌడులో 220 దాటగలదు. పందెం మధ్య మధ్య వచ్చే మజిలీ చేరగానే సహాయకులు జీను దించి, మెడ మీద నీళ్లు గుమ్మరిస్తారు. వైద్యుడు గుర్రం ఎడమ ముంగాలి మోచేతి వెనక స్టెతస్కోప్ ఆనించి పదిహేను సెకన్లు లెక్కపెడతాడు. ‘లబ్ డబ్’ రెండూ కలిపి ఒక్కటే. పదహారు వస్తే నిమిషానికి 64. అంతర్జాతీయ పోటీల్లో చాలాకాలంగా గీత అదే. గడువులోగా అక్కడికి దిగకపోతే పందెం నుంచి తప్పుకోవాల్సిందే. అసలు కిటుకు గడియారంలో ఉంది: మజిలీ చేరినా స్వారీ సమయం ఆగదు, గుర్రాన్ని పరీక్షకు నిలబెట్టేదాకా నడుస్తూనే ఉంటుంది. విచ్చలవిడిగా తోలి పది నిమిషాలు మిగుల్చుకున్నవాడు ఆ మిగులును గుండె నెమ్మదించడానికే ఖర్చు చేస్తాడు. గుర్రం మీద దయ లేని రౌతు కూడా తన గెలుపు కోసమైనా నిదానించాలి. ఇంత తెలివైన నిబంధన ఆటల్లో అరుదు.

ఒక్క అంకెను మాయ చేయవచ్చు. చన్నీళ్లు, నీడ, కాసేపు కదలకుండా నిలబెట్టడం గుండెను తాత్కాలికంగా దించుతాయి. అమెరికన్ పశువైద్యుడు కెర్రీ రిడ్జ్‌వే దీనికి విరుగుడు చెప్పాడు. ముందు గుండె వేగం చూస్తారు. తర్వాత గుర్రాన్ని 125 అడుగులు పరుగెత్తించి వెనక్కి తెస్తారు. పరుగు మొదలైన నిమిషానికి మళ్లీ చూస్తారు. మొదటి లెక్కకు సమానంగానో తక్కువగానో ఉంటే మంచిది. నాలుగైదు పెరిగితే లోపల అలసటో నొప్పో ఉందన్న అనుమానం.

ఫిన్లండ్‌కు చెందిన పోలార్ సంస్థ 1980లలో తెచ్చిన, గుండె వేగం కొలిచే తీగలేని పరికరాల ఒరవడి తర్వాత, రౌతు జీను మీదే కూర్చుని గుండె వేగం చూసుకునే వీలు కలిగింది. అయితే అంకె కనబడినంత మాత్రాన మనిషి ఆగడు. 2018 సెప్టెంబరులో అమెరికాలోని ట్రయాన్‌లో దూరపు స్వారీ ప్రపంచ పోటీ వేడికీ ఉక్కకూ మధ్యలోనే రద్దయింది. యాభైకి పైగా గుర్రాలకు చికిత్స చేయాల్సి వచ్చింది, ఒకటి చనిపోయింది. కొందరు రౌతులు మాత్రం ఆ రోజు పోటీ ఎందుకు ఆపారంటూ నిర్వాహకుల మీదే విరుచుకుపడ్డారు.