వెలుగు కోసం గీసిన బొమ్మ

ధర్మవరం దాటి నిమ్మలకుంట దారి పట్టండి. పట్టు మగ్గాల చప్పుడు వెనకబడుతుంది. రెండు పక్కలా ఎర్రనేల, శెనక్కాయ చేలు, మబ్బు జాడలేని ఆకాశం. ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే నేల ఇది. నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు; ఊళ్లోకి వస్తూనే తడి తోలు వాసన తగులుతుంది.

ఒక వసారాలో కూర్చోండి. నానబెట్టి, వెంట్రుకలు గీకి, లాగి ఎండబెట్టిన మేకతోలు మీ ముందుంది. ఎత్తి ఎండకు పట్టండి. అవతల పెట్టిన మీ వేళ్ల నీడ ఇవతలికి కనిపిస్తుంది. దాని మీద సీత ముఖం పడుతోంది, పక్కకు తిరిగి, చెంపంతా పరుచుకున్న కన్నుతో. నల్లగీత ఆరాక తోలును చెక్కదిమ్మ మీదికి చేరుస్తారు. ఇక ఉలి, సుత్తి. టక్, టక్, టక్. ఒక్కో దెబ్బకు ఒక చిల్లు, చిల్లు పక్కన చిల్లు. హారం, వడ్డాణం, చీర అంచు అలా పుడతాయి. నగల మెరుపు రంగుతో రాదు, ఆ చిల్లుల్లోంచి దూరివచ్చే వెలుగుతో వస్తుంది. కాగితం మీద గీత తప్పితే దిద్దుకోవచ్చు. ఇక్కడ పడ్డ చిల్లు పూడదు. ఆ చేతికి ఎంత నమ్మకం ఉండాలో చూడండి! ఆఖర్న ఎరుపు, ఆకుపచ్చ, పసుపు రంగులను రెండు వైపులా అద్దుతారు.

ఈ ఊరి పనికి దేశమంతటా పేరు తెచ్చినవారు దళవాయి చలపతిరావు. ఇక్కడి కళాకారుల పూర్వీకులు మరాఠా సీమ నుంచి వచ్చారు. ఇంట్లో మరాఠీ, తెర దగ్గర తెలుగు. బొమ్మ గీసే చెయ్యే దాన్ని ఆడించాలి, ఆ గొంతే పాడాలి. తెల్లటి తెర వెనక ఆముదం దీపాలు, మనిషెత్తు రావణుడు, నడుమ నవ్వించడానికి కేతిగాడు, బంగారక్క, తెల్లవార్లూ ఆట. వానలు మొహం చాటేసిన ఏళ్లలో, వాన కురుస్తుందన్న నమ్మకంతో, రైతులు పిలిచి విరాటపర్వం ఆడించుకునేవారు.

సినిమా, టీవీ వచ్చాక పిలుపులు తగ్గాయి. చలపతిరావూ తోటివారూ అదే తోలుతో దీపాల గొడుగులు, గోడబొమ్మలు చేయడం మొదలుపెట్టారు. దీన్ని దిగజారడమని నేననను. తెర వెనకుండే దీపం బొమ్మ లోపలికొచ్చింది, అంతే. ఆట లేని నెలల్లో పొయ్యి వెలిగించింది ఆ గొడుగులే.

2020లో చలపతిరావుకు పద్మశ్రీ ప్రకటించారు. తోలుబొమ్మలాటకు దక్కిన గౌరవమని అందరూ రాశారు. నిజమే. నేను మాత్రం దాన్ని ఒక చిత్రకారుడికి దక్కిన గౌరవంగా కూడా చూస్తాను. లేపాక్షి గుడి కప్పు మీద 16వ శతాబ్దపు చిత్రాలు చూసినవారికి ఆ పక్కచూపు ముఖాలు, ఆ పెద్ద కళ్లు, ఆ చీరల అంచులు నిమ్మలకుంట వసారాల్లో మళ్లీ ఎదురవుతాయి. అయినా కాన్వాసు మీద గీసినవారిని చిత్రకారులంటాం, తోలు మీద గీసినవారిని చేతిపనివారంటాం. ఈ తేడా పోవాలి.

2022 జిల్లాల విభజనతో నిమ్మలకుంట శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. ధర్మవరానికి చీరల కోసం వచ్చినప్పుడు ఇక్కడిదాకా రండి. మీ ఊరి జాతరలో ఒక రాత్రి ఆట పెట్టించండి. బొమ్మ కొంటే, దాని వెనక గీసినవారి పేరు రాయించుకోండి.