అప్పు లేని చదువు

మా అన్న చదువు పన్నెండో ఏట ఆగిపోయింది. అమ్మ జబ్బుకి నాయన ఆసామి దగ్గర తెచ్చిన మూడొందల కింద వాణ్ని గొడ్లకాడ జీతానికి పెట్టారు. అది 1974. రెండేళ్లకి, 1976లో, వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. మా మాదిగపల్లెకి ఆ కబురు ఎవరూ మోసుకురాలేదు. అన్న ఇంకా చాన్నాళ్లు పేడ ఎత్తుతూనే ఉన్నాడు. అందుకే మా ఇంట్లో అప్పంటే డబ్బు కాదు, మనిషి.

1984లో నేను పది పాసయ్యాను. లెక్కల్లో తొంభై పైన వచ్చాయి. ఇంటర్ చదివి ఇంజినీరింగ్‌కి పోవాలని లోలోపల ఆశ. కానీ అది ఆరేళ్లు. పాలిటెక్నిక్ అయితే మూడేళ్లు. సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో కూడు, స్కాలర్‌షిప్పుతో ఫీజు. గుంటూరులో సివిల్ సీటొచ్చింది. నేనే కోరుకున్నానని ఇంట్లో చెప్పాను. కోరుకోడానికి రెండోది ఉంటే గదా!

నాయన మాత్రం పొంగిపోయాడు. ఆ ఏడే ఆసామి రెండెకరాలు అమ్మి కొడుక్కి కర్ణాటకలో డొనేషన్ సీటు కొన్నాడు. నాయన చెప్పులు కుడతా వచ్చినోళ్లందరికీ చెప్పేవాడు: "ఆయన కొడుకు సదువుకి పొలం పోయింది. నా కొడుకు సదువుకి నా ఆరె కూడా తాకట్టు పెట్టలా."

సెలవులకి తెచ్చిన మినీ డ్రాఫ్టర్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది దేనికిరా?"

"గీతలు గీయడానికి నాయనా. ఇళ్లకీ, వంతెనలకీ."

ఆ రాత్రే దీపం ముందు కూచుని దానికి తోలు సంచి కుట్టాడు. క్లాసులో ఒకడు దాన్ని చూసి ముక్కు మూసుకున్నాడు. మూడేళ్లూ దాన్నే భుజానికి తగిలించుకు తిరిగాను.

1985 జులై 17న కారంచేడులో మావాళ్లు ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్లు చీరాలకి పరుగెత్తి శిబిరంలో తలదాచుకున్నారు. హాస్టల్ పిల్లలం బియ్యం, గుడ్డలు పోగేసి తీసుకెళ్లాం. మన స్కాలర్‌షిప్పు ఎవరి దయా కాదని అక్కడే ఒక పెద్దాయన నోట మొదటిసారి విన్నాను. తర్వాత నేనే చదివి తెలుసుకున్నాను. 1942లో అంబేడ్కర్ వైస్రాయ్‌కి ఇచ్చిన విజ్ఞాపనలో మన చదువు గురించి రెండు సంగతులు అడిగాడు. ప్రభుత్వ ప్రెస్సుల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో మన పిల్లలకి పని నేర్పాలని ఒకటి. సైన్సులో, టెక్నాలజీలో పెద్ద చదువులు ప్రభుత్వమే తన ఖర్చుతో చెప్పించాలని రెండోది. 1944లో షెడ్యూల్డ్ కులాలకి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. నా ఫీజు అక్కణ్నుంచి వచ్చిందే.

మాలో చాలామందిమి మొదటి కోరిక దగ్గరే ఆగిపోయాం. ఆగినందుకు మెచ్చుకున్నారు కూడా, "తాహతు తెలిసినోడు" అని. ఆ తాహతు కొలిచిందెవరు? 1990లో మండల్‌కి వ్యతిరేకంగా రోడ్లెక్కి మెరిట్ మెరిట్ అని అరుస్తుంటే నాకు ఆసామి అమ్ముకున్న రెండెకరాలు గుర్తొచ్చాయి.

నాయన గర్వాన్ని మాత్రం తప్పు పట్టలేను. చవగ్గా వచ్చిందని కాదు ఆయన మురిసింది. రెండో కొడుకు గొడ్లకాడికి పోలేదు, అదీ సంగతి. 1988లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా మొదటి జీతం తెస్తే అన్న ఆ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టాడు. "జీతమంటే ఇదంట్రా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

2016లో మా అమ్మాయి పది పాసయింది. లక్షలు పోసే కార్పొరేట్ ఇంటర్ వద్దు, గవర్నమెంటు పాలిటెక్నిక్‌లో చేరతానంది. నా గుండె నాయన గుండెలాగే ఉప్పొంగింది. మరుక్షణమే భయమేసింది.

"ఖర్చు తక్కువనా, ఇష్టమయ్యా?"

"రెండూ నాన్నా. అయ్యాక ఈసెట్ రాసి ఇంజినీరింగ్ రెండో ఏట్లో చేరతా. నువ్వు డిప్లమో దగ్గర ఆగావని నేనూ ఆగాలా?"

అటక మీంచి తోలు సంచి దించాను. డ్రాఫ్టర్ తుప్పు పట్టి ఉంది. ఇప్పుడు బొమ్మలన్నీ కంప్యూటర్లోనే గీస్తారట. సంచి దుమ్ము దులిపి అందులో తన క్యాలిక్యులేటర్ పెట్టుకుంది.